ఉదయగిరి కొండకు గొంతు ఎవరు ఇవ్వాలి?

ఉదయగిరి దుర్గం ఎవరిదని బడిపిల్లల్ని అడిగి చూడండి. గజపతులది అంటారు, తర్వాత శ్రీకృష్ణదేవరాయలు గెలిచాడంటారు. జవాబు సహీ. కానీ అది సగం జవాబు. మిగతా సగం కొండ మీద మసీదు దగ్గర ఫార్సీలో రాసి ఉందని మన పిల్లలకు కూడా తెలియదు. ఉదయగిరి, ఆత్మకూరు, ఏఎస్ పేట, వింజమూరు వైపు పుట్టి పెరిగిన ముస్లిం పిల్లలకే తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

కోటల్లో, పాత బంగళాల్లో, మ్యూజియాల్లో తారీఖ్‌ని బోర్డుల మీద రాసి వదిలేయకుండా, మనుషులతో నడిపించి చూపించే తరీఖా ఒకటి ఇప్పుడు దునియా అంతటా ఉంది. ఇంగ్లిషులో దాన్ని లివింగ్ హిస్టరీ అంటారు. మన మాటల్లో జిందా తారీఖ్ అందాం. ఆ కాలపు లిబాస్ వేసుకున్న మనుషులు ఆ కాలపు పని చేస్తూ, ఆ కాలపు మాట మాట్లాడుతూ, వచ్చినవాళ్ల సవాళ్లకు జవాబులు చెప్తారు. ఉదయగిరి కోటను కూడా టూరిజం కింద బాగు చేయాలన్న మాట మన ప్రాంతంలో ఎప్పటినుంచో ఉంది. ఆ రోజు వస్తే ఈ కొండ కహానీ ఎవరు చెప్తారు? అందులో మన కిర్దార్ ఏమిటి? ఆ ముచ్చటే ఈరోజు.

జిందా తారీఖ్ ఎక్కడ మొదలైంది

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో ఆర్తూర్ హాజెలియస్ అనే ఆయన 1891లో స్కాన్సెన్ అనే ఆరుబయటి మ్యూజియం తెరిచాడు. ఊళ్లలో కనుమరుగవుతున్న పాత ఇళ్లను విప్పి తెచ్చి ఒకచోట మళ్లీ నిలబెట్టాడు. వాటిలో మనుషుల్నీ, పశువుల్నీ, చేతిపనుల్నీ పెట్టాడు. ఖాళీ ఇల్లు తారీఖ్ చెప్పదు, పొయ్యి వెలిగితేనే చెప్తుందని ఆయన ఖయాల్.

ఈ పద్ధతికి అన్నిటికన్నా మష్హూర్ మిసాల్ అమెరికాలో ఉంది. వర్జీనియా రాష్ట్రంలో విలియమ్స్‌బర్గ్ అనే ఊరు ఉంది. 1699 నుంచి 1780 వరకు, అంటే చాలావరకు బ్రిటిష్ హుకూమత్ కాలంలో, అది వర్జీనియాకు రాజధాని. 1926 ప్రాంతంలో గుడ్విన్ అనే పాదిరీ మాట విని కోటీశ్వరుడు జాన్ డి రాక్‌ఫెల్లర్ జూనియర్ ఆ ఊరిని పాత రూపానికి తెచ్చే పనికి డబ్బు పెట్టాడు. కమ్మరి కొలిమి, ప్రెస్సు, గవర్నర్ మహల్ అన్నీ లేచాయి. గౌను వేసుకున్న దొరసానులు దారి చూపించారు. జనం తండోపతండాలుగా వచ్చారు.

అయితే ఒక పెద్ద అబద్ధం అక్కడ చాలాకాలం నడిచింది. 18వ శతాబ్దంలో ఆ ఊరి జనాభాలో సగానికి పైగా నల్లజాతి వాళ్లు. వాళ్లలో దాదాపు అందరూ గులాములు. వంట వండింది వాళ్లు, ఇటుక కాల్చింది వాళ్లు, గుర్రం తోలింది వాళ్లు. మ్యూజియంలో మాత్రం వాళ్ల గొంతు లేదు. 1979లో గానీ నల్లజాతి కళాకారులు అక్కడ గులాముల కిర్దార్లలో మాట్లాడటం మొదలుకాలేదు. 1994 అక్టోబర్‌లో క్రిస్టీ కోల్‌మన్ అనే నల్లజాతి మహిళ నాయకత్వంలో గులాముల వేలంపాటను బజార్లోనే ఆడి చూపించారు. మా పూర్వీకుల దర్ద్‌ని తమాషా చేస్తారా అని నల్లజాతి సంఘాలే ఎహ్‌తెజాజ్‌కి దిగాయి. ఆట చూశాక, అలా నిరసన తెలపడానికి వచ్చినవాళ్లలో ఒక నాయకుడు రాయ్ మార్చుకుని, ఇది చూపించాల్సిందేనన్నాడు.

ఇందులో మనకొక సబఖ్ ఉంది. పాత గోడను బాగు చేయడం మేస్త్రీ పని. ఆ గోడ దగ్గర ఎవరిని మాట్లాడనివ్వాలన్నది ఇన్సాఫ్‌కి సంబంధించిన మసలా.

మన దగ్గర ఏముంది

మన తెలుగు రాష్ట్రాల్లో లిబాస్ వేసుకుని మనుషులు మాట్లాడే పద్ధతి తక్కువ. మనకున్నది లైట్లు, గొంతులు. గోల్కొండ కోటలో సౌండ్ అండ్ లైట్ షో 1990ల నుంచి నడుస్తోంది. చాలా ఏళ్లు ఇంగ్లిష్ షోకి గొంతు అమితాబ్ బచ్చన్‌ది. చంద్రగిరిలో రాజమహల్ దగ్గరా అలాంటి షో ఉంది. చీకట్లో గోడ మీద రంగులు పడుతుంటే రాజు, రాణి, ప్రేమ, యుద్ధం, ద్రోహం అన్నీ వినిపిస్తాయి. బాగానే ఉంటుంది. కానీ గోల్కొండ గోడకు రాయి మోసినవాడు, తోపు పోతపోసినవాడు, దఫ్తర్లో లెక్క రాసిన మున్షీ ఆ గొంతుల్లో ఎంత వినిపిస్తారు?

బ్రిటిష్ జమానా కట్టడాల్లో హైదరాబాద్ కోఠీలోని రెసిడెన్సీ మన వాళ్లు తప్పక చూడాల్సిన జాగా. 1803 ప్రాంతంలో దాని పని మొదలుపెట్టించింది బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్. ఆయన హైదరాబాద్ ఉమ్రా ఖాందాన్ అమ్మాయి ఖైరున్నిసాను నికాహ్ చేసుకున్నాడు. పర్దాలో ఉండే బేగం సాహెబా బయటి భవనాన్ని చూడలేదు గనుక, ఆమె కోసం జనానా తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. ఆ నమూనా ఇప్పటికీ ఉంది. 1805లో పిల్లలిద్దరినీ విలాయత్ పంపారు. సాహిబ్ ఆలం విలియం అయ్యాడు, సాహిబ్ బేగం కేథరిన్ అయింది. అదే సంవత్సరం కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. ఖైరున్నిసా 1813లో కన్నుమూసింది. ఆ తల్లి తన పిల్లల్ని మళ్లీ చూడలేదు.

ఆ రెసిడెన్సీ తర్వాత మహిళా కళాశాల అయింది. ఈ మధ్య మరమ్మతులు జరిగాయి. రెసిడెంట్ ఖాతాలో స్తంభాలూ షాండ్లియర్లూ ఉన్నాయి. బేగం ఖాతాలో ఉన్నది ఒక బొమ్మ ఇల్లు. ఆ బొమ్మ ఇంటి పక్కన నిలబడి ఆమె వైపు నుంచి ఎవరైనా మాట్లాడితే వినేవాళ్లకు కంపెనీ రాజ్యం అంటే ఏమిటో పది పుస్తకాల కన్నా బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు మన కొండకు వద్దాం

ఉదయగిరి కొండ మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ 16వ శతాబ్దంలో రాసిన దాని ప్రకారం కృష్ణదేవరాయలు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో ఇక్కడికి వచ్చాడు. లోపల గజపతి ప్రతాపరుద్రుడి సిపాయిలు పదివేలు, గుర్రాలు నాలుగు వందలు. కొండే అంత మజ్‌బూత్ అయినప్పుడు అంతకన్నా ఎక్కువ అవసరం లేదన్నమాట. ముట్టడి ఏడాదిన్నర నడిచింది. రాయలు బండలు పగలగొట్టించి దారులు వేయించాల్సి వచ్చింది. 1514లో కోట పడింది.

ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరం తీసుకెళ్లి, దాని కోసం ఒక కొత్త ఆలయమే కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. హంపీలో కృష్ణాలయం అంటే అదే. ఆ విగ్రహం ఇప్పుడు హంపీలోనూ లేదు. చెన్నై ఎగ్మూర్‌లో, 1851లో కంపెనీ జమానాలో మొదలైన ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి కొండ మీద పూజలందుకున్న విగ్రహం, గెలిచిన రాజు వెంట ఒకసారి వెళ్లి, చివరికి అద్దాల గదులకు చేరింది. ఈ సఫర్ ఒక్కటే గంటసేపు చెప్పుకోదగ్గ కహానీ.

ఇంకొక సంగతి మన పిల్లలకు గట్టిగా చెప్పాలి. రాయల ఫౌజు అంటే హిందువులది, సుల్తాన్ల ఫౌజు అంటే ముసల్మాన్లది అని సినిమాల్లో చూపించే లెక్క తారీఖ్‌లో నిలబడదు. రాయలకు సుమారు నూరేళ్ల ముందే రెండో దేవరాయలు ముస్లిం విలుకాండ్రను కొలువులో పెట్టుకున్నాడు. వాళ్లు సలాం చేయడానికి ఇబ్బంది లేకుండా సింహాసనం ముందు ఖురాన్ షరీఫ్ పెట్టించాడని ఫరిష్తా రాశాడు. అటు గోల్కొండ సుల్తాన్ల కొలువులో నాయక్వారీలు, బ్రాహ్మణ మజుందార్లు ఉన్నారు. రాయలు ఉదయగిరిలో పోరాడింది ఏ సుల్తాన్ మీదా కాదు, పూరీ జగన్నాథుడి భక్తుడైన గజపతి మీద. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, వాట్సాప్‌లో తిరిగే సగం తారీఖ్ కూలిపోతుంది.

తోట నాటిన షేక్ హుసేన్

1640ల్లో గోల్కొండ ఫౌజు పెన్న దాటి దక్షిణానికి దిగింది. వజీర్ మీర్ జుమ్లా సారథ్యంలో నెల్లూరు సీమ కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది, ఉదయగిరీ వచ్చింది. కొండ మీద మసీదు ఆ దౌర్‌లోనిదే. అక్కడి ఫార్సీ శాసనాల గురించి బ్రిటిష్ గెజిటీర్లు రాసిపెట్టాయి. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షా సర్దార్లలో ఒకడైన షేక్ హుసేన్ ఈ మసీదు కట్టించాడు, ఒక తోట నాటించాడు అని వాటి సారం.

ఒక ఫౌజీ సర్దార్ రాతి కొండ ఎక్కాడు. తన తల్వార్ గురించి కాదు, మసీదు గురించీ తోట గురించీ రాయి మీద రాయించాడు. మన దీన్‌లో చెట్టు నాటడం సదఖా. దాని పండు మనిషి తిన్నా, పిట్ట తిన్నా, పశువు తిన్నా నాటినవాడికి సవాబ్. షేక్ హుసేన్ ఆ నియ్యత్‌తోనే నాటించి ఉంటాడని నాకు అనిపిస్తుంది. మన పిల్లలు పుస్తకాల్లో చూసే ముస్లిం ఎప్పుడూ గుర్రం మీదే ఉంటాడు, చేతిలో కత్తి ఉంటుంది. మన ఊరి కొండ మీదివాడు మాత్రం మొక్కకు నీళ్లు పోయించినవాడు. ఉదయగిరిలో ఎప్పుడైనా జిందా తారీఖ్ ఆట కడితే మొదటి కిర్దార్ ఈయనది కావాలి. రెండోది, ఆ ఎత్తుకు నీళ్లు మోసిన తోటమాలిది. అతని పేరు ఏ శాసనంలోనూ ఉండదు. కానీ అతను లేకుండా తోట లేదు.

1839: ఉదయగిరి బగావత్

కుతుబ్‌షాహీల తర్వాత మొగల్ హుకూమత్, దాని నీడలో ఆర్కాట్ నవాబులు. వాళ్ల హయాంలో ఉదయగిరి ముస్తఫా అలీ ఖాన్‌కు జాగీరుగా దక్కింది. 1801లో ఆర్కాట్ నవాబు కర్ణాటక పాలన మొత్తం కంపెనీకి రాసిచ్చేశాడు. నెల్లూరుకు కలెక్టర్లు వచ్చారు. ఉదయగిరి జాగీరు మాత్రం ముస్తఫా అలీ ఖాన్ వారసుల చేతిలోనే మిగిలింది, 1839 వరకు.

ఆ సంవత్సరం ఏం జరిగిందో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి, చాలా దూరం వెళ్లాలి. రాయ్‌బరేలీకి చెందిన సయ్యద్ అహ్మద్ షహీద్ తన తహ్రీక్‌ని తరీఖా-ఎ-ముహమ్మదియా అన్నాడు. ఆయన 1831లో బాలాకోట్‌లో సిక్కు ఫౌజుతో పోరులో షహీద్ అయ్యాడు. ఆయన ముబల్లిగులు అంతకు ముందు నుంచే దక్కన్ దాకా వచ్చారు. బ్రిటిష్ వాళ్లు ఈ తహ్రీక్‌ని వహాబీ అన్నారు. అది వాళ్లు అంటించిన లేబుల్. హైదరాబాద్‌లో నిజాం నాసిరుద్దౌలా తమ్ముడు ముబారిజుద్దౌలా ఆ ముబల్లిగుల అసర్‌లోకి వచ్చాడు. కంపెనీని తరిమేయాలన్న ఖయాల్ ఆయన చుట్టూ పెరిగింది.

1839లో బ్రిటిష్ ఫౌజు అఫ్ఘాన్ యుద్ధంలో ఉంది. ఆ అదనులో దక్కన్‌లో లేవాలన్నది పథకమని కంపెనీ ఆరోపణ. గుట్టు బయటపడటంలో మన నెల్లూరుకు పెద్ద పాత్ర ఉంది. ఇక్కడి మేజిస్ట్రేట్ స్టోన్‌హౌస్ ఖబర్ పంపాడు, హైదరాబాద్ రెసిడెంట్ ఫ్రేజర్ తఫ్తీష్ మొదలుపెట్టాడు. ముబారిజుద్దౌలాను గిరఫ్తార్ చేసి గోల్కొండ కోటలో పెట్టారు. 1854లో చనిపోయేదాకా ఆయన ఖైదీయే. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో తోపులూ మందుగుండూ పెద్ద ఎత్తున దొరికాయి. అక్టోబర్‌లో కర్నూలు పక్కన జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబును తిరుచ్చికి తీసుకెళ్లారు. 1840లో అక్కడే ఆయన ఖతల్ అయ్యాడు. కర్నూలు కంపెనీలో కలిసిపోయింది.

ఉదయగిరి జాగీర్దారు మీదా అదే ఇల్జామ్: రాజద్రోహం. జాగీరు జప్తు చేసి ఆయనను చెంగల్పట్టుకు పంపేశారు. మూడు నాలుగు తరాల ఖాందానీ హుకూమత్ అలా ముగిసింది. ఉదయగిరి తాలూకా అయింది.

1857 అంటే మన అందరికీ గుర్తొస్తుంది. దానికి 18 ఏళ్ల ముందు హైదరాబాద్, కర్నూలు, ఉదయగిరి ఒకే తారు మీద మోగాయన్న సంగతి నెల్లూరు జిల్లాలోనే ఎంతమందికి తెలుసు? స్వాతంత్ర్యోద్యమంలో ముస్లింల గురించి సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు దశాబ్దాలుగా తెలుగులో రాస్తున్నారు. ఆ కితాబుల్లోంచి బయటికి వచ్చి ఈ కథ మన బజార్లో, మన బడిలో మాట్లాడాలి.

అయితే ఒక షరతు. 1839 కథ మనకు అందింది ఇల్జామ్ మోపినవాళ్ల కాగితాల్లోంచే. జాగీర్దారును హీరో చేసేయడం ఆసాన్. ద్రోహి అనడం కంపెనీకి ఇంకా ఆసాన్‌గా ఉండేది. నిజాయితీగా ఆట కడితే దాన్ని అదాలత్‌గా కట్టాలి. ఒకవైపు కలెక్టర్, ఒకవైపు జాగీర్దారు, మధ్యలో ఇద్దరి భాషా తెలిసిన మున్షీ, ముబల్లిగ్ మాట విన్న సిపాయి, నవాబు ఉన్నా దొర ఉన్నా శిస్తు కట్టక తప్పని మెట్ట రైతు. అతను తెలుగువాడు, హిందువో ముసల్మానో ఎవరైనా కావచ్చు. జాగీరు పోతే నాకేం మారుతుంది అని ఆ రైతు అడిగితే జాగీర్దారు జవాబు చెప్పాలి, కలెక్టరూ చెప్పాలి. తీర్పు చూడటానికి వచ్చిన పిల్లలు ఇవ్వాలి. అప్పుడది నారా కాదు, తారీఖ్ అవుతుంది.

లిబాస్ లేకుండానే నడుస్తున్న తారీఖ్

జిందా తారీఖ్ కోసం మనం వేషాలే వేయనక్కర్లేదు. కొన్ని ఇప్పటికే ఊపిరి తీస్తున్నాయి.

ఉదయగిరి చెక్క చెంచాలు చూడండి. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి లాంటి చెక్కతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, ట్రేలు చేస్తారు. ఈ హునర్ చేతుల్లో పెట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది మన ఇళ్ల ఆడవాళ్లే. దీనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. విలియమ్స్‌బర్గ్‌లో పాత కాలపు వడ్రంగి పనిని జీతమిచ్చి నేర్పించి చూపిస్తున్నారు. మనకు ఆ పని ఇంటి వరండాలో, తల్లి నుంచి బిడ్డకు నడుస్తోంది. దాన్ని చూసి వెళ్లడానికి వచ్చినవాళ్లు టికెట్ కొనాలి, చెంచా సరైన ఖీమత్‌కు కొనాలి. ఆ డబ్బు ఆ చేతికే చేరాలి. లేకపోతే అది విరాసత్ పేరుతో ఫొటోల దుకాణం.

ఆత్మకూరు దగ్గర ఏఎస్ పేటలో ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ (రహ్మతుల్లాహి అలైహ్) దర్గా ఉంది. అక్కడి గంధానికి రాయలసీమ నుంచి, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చే జనంలో కులం, మజహబ్ అడిగేవాడు ఉండడు. నెల్లూరు బారా షహీద్ దర్గా రొట్టెల పండగ సంగతి చెప్పనక్కర్లేదు. దర్గాల విషయంలో మన ఇళ్లలోనే అభిప్రాయాలు వేరుగా ఉంటాయి. ఆ బహస్ ఉలమా చూసుకుంటారు. తారీఖ్ వైపు నుంచి చూస్తే ఇవి ఈ సీమ జనం కలిసి బతికిన దానికి గవాహీ.

ఇక భాష. మన రెవెన్యూ ఆఫీసుకు వెళ్లండి. తహశీల్దార్, జమాబందీ, ఇనాం, పట్టా. సంవత్సరం కూడా ఫసలీ. అక్బర్ కాలపు పంటల లెక్క అది, ఆంధ్రలో జూలై 1న మారుతుంది. 2024 జూలైలో మొదలైంది 1434 ఫసలీ. ఉర్దూ ముక్క రాని రైతు కూడా తన అర్జీలో ఫసలీ రాస్తాడు, ఫిర్యాదు అంటాడు, జవాబు అంటాడు. గోల్కొండ వెళ్లిపోయింది, ఆర్కాట్ వెళ్లిపోయింది, కంపెనీ వెళ్లిపోయింది. ఆ దఫ్తర్ మాటలు వెళ్లలేదు.

చదవగలిగే కళ్లు

నేను చదివింది ఉర్దూ మీడియం బడి, డిగ్రీ తెలుగులో. ఆ రెండింటి మధ్య వంతెన ఎంత అవసరమో రాత పనిలో పడ్డాకే తెలిసింది. కొండ మీద శాసనం ఉన్న లిపి మా తరానికి బడిలోనే వచ్చింది. ఇప్పటి పిల్లల్లో చాలామందికి రాదు. ఖురాన్ షరీఫ్ నాజిరా చదువుతారు, కానీ నస్తాలీఖ్‌లో దాదా రాసిన ఖత్ ఇస్తే తిరగేసి పట్టుకుంటారు. నాగ్‌పూర్‌లో పురావస్తు శాఖకు అరబీ, ఫార్సీ శాసనాల విభాగం ఉంది. జియావుద్దీన్ దేశాయి లాంటి ఆలిములు అక్కడ పనిచేశారు. దేశంలో ఎక్కడెక్కడి శాసనాలో చదివి అచ్చు వేశారు. అంతటి వాళ్లు మళ్లీ మన ఇళ్లలోంచి రావాలంటే మొదట లిపి రావాలి, దాంతోపాటు తెలుగు బాగా రావాలి. చదివింది చుట్టుపక్కల వాళ్లకు చెప్పకపోతే అది రాయి మీద ఉన్నా ఒకటే, మన నోట్లో ఉన్నా ఒకటే.

అందుకని నా గుజారిష్ చిన్నదే. ఉదయగిరిలో సర్కారు మ్యూజియం కడుతుందో లేదో, షో పెడుతుందో లేదో అల్లాహ్‌కు తెలుసు. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. అటక మీద పాత సందూఖ్‌లో ఉన్న సనదులు, ఇనాం పత్రాలు, పాత నికాహ్‌నామాలు చెదలకు వదిలేయకండి. వాటి ఫొటో తీయించండి. ఉర్దూ వచ్చిన పెద్దాయన చేత చదివించి తెలుగులో పక్కన రాయించండి. చెంచా పని చేసే ఖాలా, గంధం మోసే చాచా మాట్లాడుతుంటే ఫోన్లో రికార్డు చేయండి. ఎప్పుడు పుట్టావని అడిగితే వాళ్లు చెప్పలేకపోవచ్చు. ఆ ఏడు ఏ కరువు వచ్చింది, సోమశిల కట్టినప్పుడు ఎక్కడున్నావు అని అడగండి, తారీఖ్ దానంతటదే బయటికి వస్తుంది.

ఇంకొకటి. బడి పిల్లల్ని కొండకు తీసుకెళ్లేటప్పుడు మన పిల్లల్ని మాత్రమే తీసుకెళ్లకండి. రంగనాయకుల గుడి, మసీదు, కోట గోడ మూడూ ఒకే రోజు, అందరి పిల్లలకూ కలిపి చూపించండి. మసీదు దగ్గర మన పిల్లాడు షేక్ హుసేన్ తోట గురించి చెప్పాలి. గుడి దగ్గర అతని దోస్త్ బాలకృష్ణుడి సఫర్ గురించి చెప్పాలి. కొండ దిగేలోపు ఒకరి కథ ఇంకొకరికి వచ్చేయాలి. షో పెట్టే రోజున స్క్రిప్టు ఎవరు రాసినా, అందులో తప్పు ఉంటే లేచి నిలబడి ఇది ఇలా కాదు జనాబ్ అని చెప్పగలిగేవాళ్లు అప్పటికి ఇద్దరైనా తయారై ఉంటారు. వాళ్లలో ఒకరు మన బిడ్డ, ఒకరు పక్కింటి బిడ్డ కావాలని దువా చేయండి.